అమ్మ నుంచి బిడ్డకు: తొలి వెయ్యి రోజుల రక్షణ

2017 ఆగస్టులో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. అది జరిగింది ఒడిశా పల్లెల్లో. 149 గ్రామాలు, 4,556 మంది పసికందులు. రెండు కిలోలకు తగ్గని బరువుతో, నెలలు నిండో దాదాపు నిండో పుట్టి, అప్పటికి ఏ జబ్బు లక్షణమూ లేని పిల్లలనే ఎంచుకున్నారు. పుట్టిన రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మొదలుపెట్టి, వారం పాటు రోజూ ఒక మోతాదు వాళ్ళలో సగం మందికి పట్టించారు. అందులో ఉన్నవి రెండే: లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే సూక్ష్మజీవి, దానికి తిండిగా ఫ్రక్టో ఆలిగోశాకరైడ్ అనే ఒక రకం చక్కెర. మిగతా సగం మందికి చూడడానికి అలాగే ఉండే ఉత్త పొడి ఇచ్చారు. రెండు నెలల వయసు దాకా అందరినీ కనిపెట్టి చూశారు. ఉత్త పొడి తాగిన పిల్లల్లో నూటికి 9 మందికి సెప్సిస్, అంటే ఒళ్ళంతా పాకే ఇన్ఫెక్షన్, సోకడమో ప్రాణం పోవడమో జరిగింది. సూక్ష్మజీవి తాగిన వాళ్ళలో అది 5.4కి దిగింది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. అప్పట్లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో పనిచేసిన డాక్టర్ పినాకీ పాణిగ్రాహి ఈ పరిశోధన నడిపారు. భువనేశ్వర్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ అందులో భాగస్వామి. వారం రోజుల మోతాదుకు అయ్యే ఖర్చు సుమారు ఒక డాలరు.

పేగుల్లో ఒక సూక్ష్మజీవి కుదురుకుంటే ఊపిరితిత్తుల జబ్బు ఎందుకు తగ్గాలి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, బరంపురంలోనో గోపాల్‌పూర్ రేవులోనో ఛత్రపురంలోనో ఒక తెలుగింట్లో పురుడు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చాలావరకు తేలిపోతుంది. ఈ అధ్యాయం రాస్తున్నది అందుకే.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. ఇది చదివి మందుల షాపుకు వెళ్ళి ప్రోబయోటిక్ పొడి కొని పసిబిడ్డకు పట్టకండి. ఆ పరిశోధనలో వాడినది అనేక రకాల్లోంచి ఎంచిన ఒకే ఒక రకం. షాపులో దొరికేది అదే అయి ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ప్రోబయోటిక్స్ ఇవ్వడం ప్రమాదకరం కావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది కూడా. పిల్లల డాక్టరు చెప్పనిదే ఆ జోలికి పోవద్దు. ఒడిశా పరిశోధన నుంచి మనం తీసుకోవలసింది పొడిని కాదు. పుట్టిన తొలి వారంలో బిడ్డ పేగుల్లోకి ముందుగా ఎవరు చేరతారన్నది ప్రాణం నిలిపేంత పెద్ద విషయం అన్న సంగతిని తీసుకోవాలి.

పుట్టే క్షణానికి బిడ్డ పేగుల్లో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. కొద్ది గంటల్లోనే తల్లి నుంచి, చుట్టూ ఉన్న మనుషుల నుంచి, గాలి, గుడ్డల నుంచి అవి చేరడం మొదలవుతుంది. వరినాట్లు ఒత్తుగా పడిన మడిలో కలుపుకు చోటు దొరకనట్టే, మంచి సూక్ష్మజీవులు ముందుగా చోటు పట్టిన పేగులో హానిచేసేవి వేళ్ళూనలేవు. పైగా మంచివి తయారుచేసే ఆమ్లం చెడ్డవాటికి గిట్టదు. ఇక రెండో పని ఇంకా ముఖ్యమైనది. మన రక్షణ కణాలు చాలా పేగు గోడల వెంబడి ఉంటాయి. తొలి నెలల్లో ఏది తిండి, ఏది నేస్తం, ఏది శత్రువు అని అవి నేర్చుకునేది ఈ సూక్ష్మజీవుల దగ్గరే. అక్కడ తర్ఫీదైన కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకూ చేరతాయి. పొట్టలో వేసిన మందు ఛాతీకి పనిచేసింది అందువల్లేనని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఈ చదువు సుమారు మూడేళ్ళ వయసుకు ఒక కొలిక్కి వస్తుంది. అప్పటికి పిల్లల పేగుల్లోని సూక్ష్మజీవుల కూటమి పెద్దవాళ్ళ దానికి దగ్గరగా వచ్చేస్తుంది. అందుకే కడుపులో పడ్డ రోజు నుంచి రెండో పుట్టినరోజు దాకా ఉన్న వెయ్యి రోజులను డాక్టర్లు అంత పట్టుబట్టి చెబుతారు.

కడుపులో ఉన్నప్పుడు

సూక్ష్మజీవుల సంగతి పుట్టాక మొదలవుతుంది. రక్షణ మాత్రం అంతకంటే ముందే మొదలవుతుంది. తల్లి జీవితంలో ఎదుర్కొన్న జబ్బులకు, వేయించుకున్న టీకాలకు ఆమె రక్తంలో తయారైన యాంటీబాడీలు మావి గుండా బిడ్డకు చేరతాయి. ఈ చేరవేతలో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే జరుగుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఈ యాంటీబాడీలు తల్లి రక్తంలో ఉన్నంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటాయి. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో పుట్టిన బిడ్డకు ఆ వాటా సగంలో ఆగిపోతుంది. కాబట్టి నెలలు నిండేదాకా కాన్పును కాపాడుకోవడమే రోగనిరోధక శక్తికి మొదటి మందు.

నెలలు నిండకుండా కాన్పు కావడానికి ఉన్న కారణాల్లో కొన్ని మన చేతిలో ఉన్నవే. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒకటి. మంట, నొప్పి ఏమీ లేకుండానే ఉండవచ్చు, పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. మలేరియా మరొకటి. గంజాం జిల్లాలో కొండల అంచున, సొరడ వైపు పల్లెల్లో ఉండేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. మలేరియా పరాన్నజీవులు మావిలో తిష్ఠ వేస్తాయి. బిడ్డ బరువు తగ్గిపోతుంది, యాంటీబాడీల చేరవేత కూడా కుంటుపడుతుంది. గర్భిణి మందు పూసిన దోమతెరలోనే పడుకోవాలి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. మూడోది, తల్లే ఇంకా పిల్ల కావడం. చిన్న వయసు తల్లులకు నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువు బిడ్డలు ఎక్కువ. బాల్య వివాహాలు లేని తొలి జిల్లాగా ఒడిశాలో గంజాం 2022 జనవరిలో ప్రకటించుకుంది. ఆ ప్రకటనను నిలబెట్టే పని ప్రతి ఇంటిదీ.

ధనుర్వాతం టీకా రెండు మోతాదులు, నాలుగు వారాల ఎడంతో, తల్లికి వేసేది బిడ్డ కోసమే. తల్లిలో తయారైన యాంటీబాడీ బిడ్డకు చేరి బొడ్డు కోసిన చోట ధనుర్వాతం రాకుండా కాస్తుంది. ఒకప్పుడు పురిటి బిడ్డలను వరుసగా పొట్టనబెట్టుకున్న ఈ జబ్బును మన దేశం దాదాపు తుడిచిపెట్టిందని 2015లో ధ్రువీకరించారు. అలాగే హెపటైటిస్ బి పరీక్ష. తల్లికి అది ఉన్నా లేకపోయినా బిడ్డకు పుట్టిన 24 గంటల్లో ఆ టీకా పడాలి. ఆలస్యమైతే ప్రయోజనం తగ్గుతుంది.

నాలుగో నెల నుంచి రోజూ ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని వెనక మనవాడి చెయ్యి ఉంది. 1920ల చివర బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు దాని జాడ కనిపెట్టింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని, మలం నల్లగా వస్తోందని మానేసేవాళ్ళు ఎందరో. రాత్రి భోంచేశాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నల్లరంగు వల్ల ఏ హానీ లేదు. రక్తం తక్కువైన తల్లి ఇన్ఫెక్షన్‌ను తట్టుకోలేదు, అందుకని ఈ మాత్ర మానకూడదు.

నీళ్ళ గురించి ఒక గట్టి మాట. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఇ కామెర్లు మామూలు మనిషికి కొన్నాళ్ళ బాధ. చివరి నెలల గర్భిణికి ప్రాణాంతకం. వానాకాలంలో పైపు నీళ్ళు మురికిగా వస్తున్నాయని అనుమానం వస్తే, ఇంట్లో మిగతావాళ్ళ మాట ఎలా ఉన్నా, గర్భిణికి మాత్రం కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వండి.

గంజాం ఫైలేరియా ఉన్న జిల్లా కూడా. బోదకాలు మాత్రలు ఇంటింటికీ పంచే రోజుల్లో గర్భిణులకు, రెండేళ్ళ లోపు పిల్లలకు అవి ఇవ్వరు. తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ళు తప్ప ఇంట్లో మిగతా అందరూ తప్పక మింగాలి. వాళ్ళ ఒంట్లో పురుగు లేకపోతేనే దోమ దాన్ని రేపు ఈ బిడ్డకు మొయ్యదు.

కాన్పు

సహజ కాన్పులో బిడ్డ బయటికి వచ్చే దారిలోనే తల్లి సూక్ష్మజీవులు అంటుకుంటాయి. ముఖ్యంగా తల్లి పేగుల్లోని బాక్టీరాయిడ్స్ అనే జాతి. బ్రిటన్‌లో 596 మంది శిశువుల మీద జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. సిజేరియన్‌తో పుట్టిన పిల్లల పేగుల్లో ఈ జాతి చాలా తక్కువగా, ఆసుపత్రుల్లో తిరుగాడే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఈ తేడా చాలావరకు తొలి ఏడాదిలోనే తగ్గిపోతుంది. తల్లికో బిడ్డకో ప్రమాదం ఉన్నప్పుడు సిజేరియన్ ప్రాణదాత. దాన్ని కాదని పట్టుబట్టడం మూర్ఖత్వం. కానీ ముహూర్తం కోసం, నొప్పి భయంతో, తారీకు కుదరలేదని కోయించుకోవడం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, ఒడిశాలో 21.6. సరిహద్దుకు ఇవతల ఉన్న మన ఇళ్ళు ఈ విషయంలో ఇచ్ఛాపురానికి అవతల ఉన్న బంధువులను చూసి నేర్చుకోవలసిందేమీ లేదు.

సిజేరియన్ తప్పలేదా? దిగులు వద్దు. తల్లి ఒంటికి బిడ్డ ఒళ్ళు తగిలేలా వీలైనంత త్వరగా పడుకోబెట్టమని అడగండి. ముర్రుపాలు ఆలస్యం చెయ్యకండి. ఈ రెండూ పోయినదాన్ని కొంతవరకు పూడుస్తాయి. తల్లి స్రావాలను గుడ్డతో తీసి బిడ్డకు పూసే పద్ధతి గురించి ఇంటర్నెట్‌లో చూసి ఉంటారు. జబ్బు క్రిములు కూడా దాంతో అంటవచ్చు, మామూలుగా దాన్ని చెయ్యవద్దనే వైద్యుల సలహా.

తొలి వారం, పెద్దవాళ్ళతో ఒక మాట

ఈ భాగం అత్తగారికీ అమ్మకీ కూడా వినిపించండి. పురిటింట్లో నిర్ణయాలు వాళ్ళవే కదా.

"పాలు ఇంకా పడలేదమ్మా, ఈలోగా కాస్త పంచదార నీళ్ళు పట్టు" అన్న మాట మన ఇళ్ళలో ఎంత ప్రేమగా వినిపిస్తుందో అంత నష్టం చేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి పసుపు రంగులో, చిక్కగా, చెంచాల లెక్కన వచ్చే ముర్రుపాలు. ఒకరోజు బిడ్డ కడుపు పట్టేది కూడా అంతే. ఈ ముర్రుపాలలో ఉన్నంత రక్షణ సాంద్రత మరే పాలలోనూ ఉండదు. పేగు గోడకు పూతలా అంటుకుని క్రిములను లోపలికి రానివ్వని ఐజీఏ యాంటీబాడీ వాటిలో నిండుగా ఉంటుంది. ఆ పాలు పిండి పారబోసి, తేనె నాకించి, ఆముదం పోసి, పంచదార నీళ్ళు పట్టితే, సరిగ్గా చోటు పట్టాల్సిన సమయంలో వేరే క్రిములకు తలుపు తీసినట్టే. తేనెలో బొటులిజం అనే జబ్బు కలిగించే క్రిముల బీజాలు ఉండవచ్చు. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు.

బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టకూడదు. పొడిగా వదిలేస్తే వారం పది రోజుల్లో అదే రాలుతుంది. పుట్టగానే స్నానం చేయించకండి, కనీసం ఒకరోజు ఆగండి. ఒంటిమీది తెల్లటి పూత చర్మాన్ని కాస్తుంది, వెచ్చదనం నిలుపుతుంది. కడుపు ఉబ్బిందనో, ఏడుస్తున్నాడనో పొట్టమీద ఇనుప చువ్వతో వాతలు పెట్టే అలవాటు ఒడిశాలో కొన్ని చోట్ల, ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ ఇంకా చావలేదు. చర్మం కాలిన ఆ చోటు నుంచే క్రిములు రక్తంలోకి దిగుతాయి. పసిబిడ్డకు వాతలు పెట్టడం ప్రాణం తియ్యడమే. ఇందులో సంప్రదాయాన్ని గౌరవించాల్సిన సంగతి ఏమీ లేదు.

బరువు తక్కువ పుట్టిన బిడ్డకు తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుని ఉంచే కంగారూ పద్ధతి ఉంది. 2021లో వెలువడిన ఐదు దేశాల ప్రయోగంలో, మన దేశం కూడా ఉంది అందులో, పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టిన పిల్లల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. వెచ్చదనం, పాలు, తల్లి ఒంటి సూక్ష్మజీవులు, మూడూ ఒకేసారి అందుతాయి. తల్లికి అలసటగా ఉంటే తండ్రి ఛాతీ మీదా పడుకోబెట్టవచ్చు. మన మగవాళ్ళకు సిగ్గు పోవాలి.

ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా దీదీ మూడో రోజు, ఏడో రోజు, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి, అది ఆమె పని, మీ హక్కు. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, చల్లబడిపోయినా, ఫిట్స్ వచ్చినా, తట్టిలేపితే తప్ప కదలకపోయినా, అరికాళ్ళు పసుపెక్కినా ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి, బరంపురం పరిసరాల్లో అయితే ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సెప్సిస్‌లో గంటలు కూడా లెక్కే. ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఉచితం.

పాలు చేసే పని

తల్లిపాలలో ఒక విచిత్రం ఉంది. అందులో దాదాపు రెండు వందల రకాల చక్కెరలు ఉన్నాయి, వాటిని బిడ్డ అరిగించుకోలేదు. బిడ్డ కోసం కానిది తల్లి ఎందుకు తయారుచేస్తున్నట్టు? వాటిని తినేది బిడ్డ పేగుల్లోని బైఫిడోబాక్టీరియా. అంటే తల్లి ఒకేసారి బిడ్డకూ, బిడ్డను కాచే సూక్ష్మజీవులకూ వండి పెడుతోంది. డబ్బాపాలలో ఈ చక్కెరలు అన్ని రకాలుగా ఉండవు.

ఇంకొక సంగతి నాకు మరింత ఆశ్చర్యం. తల్లి ఏ ఇంట్లో ఉంటే, ఏ నీళ్ళు తాగితే, ఆ చోట తిరిగే క్రిములకు ఆమె పేగుల్లోని రక్షణ కణాలు స్పందించి, రొమ్ముకు చేరి, సరిగ్గా వాటికే తగిన యాంటీబాడీలను పాలలోకి వదులుతాయి. ఆర్యపల్లిలో చేపల వేట మీద బతికే ఇంటి తల్లి పాలు ఆ తీరానికి తగిన పాలు. భర్తతో సూరత్‌కు వెళ్ళి పవర్‌లూమ్ వాడలో గది తీసుకున్న గంజాం తల్లి పాలు కొంతకాలానికి ఆ వాడకు తగినట్టు మారతాయి. పసిబిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలేసి పనికి వెళ్ళే తల్లులకు దీన్ని నేను నేరంగా చెప్పడం లేదు. బతుకు అలా ఉంది. కానీ వెంట తీసుకెళ్ళే వీలు కొంచెమైనా ఉంటే, తొలి ఆరు నెలలు వదలకండి. ఆ ఆరు నెలలూ పాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, మన మే నెల ఎండల్లో కూడా.

ఆరో నెల తర్వాత

మావి ద్వారా వచ్చిన యాంటీబాడీలు తరిగిపోయేదీ, బిడ్డ తిండి మొదలుపెట్టేదీ, నేల మీద పాకేదీ దాదాపు ఒకే కాలం. విరేచనాలు ఎక్కువగా పట్టుకునేది అందుకే ఈ వయసులో.

తిండి సూక్ష్మజీవులను మారుస్తుంది. ఢాకాలోని మీర్‌పూర్ బస్తీలో బక్కచిక్కిన పిల్లలకు జెఫ్రీ గార్డన్ బృందం ఒక తిండి రూపొందించింది. శనగపిండి, వేరుశనగ, సోయాపిండి, పచ్చి అరటికాయ అందులో ముఖ్యమైనవి. 2021లో వచ్చిన ఫలితాల్లో, ఎక్కువ కేలరీలున్న మామూలు పోషకాహారం కంటే ఇది తిన్న పిల్లలే బాగా బరువు పెరిగారు. వాళ్ళ పేగుల్లోని సూక్ష్మజీవుల కూటమి వయసుకు తగ్గట్టు ఎదిగింది. ఇప్పుడు మన అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా ప్యాకెట్ తిప్పి చూడండి. గోధుమ, శనగ, వేరుశనగ, పంచదార. నాలుగింట్లో రెండు అవే. ఆ ప్యాకెట్‌ను పశువుల కుడితిలో కలిపే ఇళ్ళు, పెద్దపిల్లలే తినేసే ఇళ్ళు ఉన్నాయి. అది ఏడాది బిడ్డది. కాచిన నీళ్ళలో జావలా ఉడికించి, ఉడికిన అరటికాయ మెదిపి కలిపి, చెంచాతో తినిపించండి. చోళ్ళ అంబలి, మెత్తగా ఉడికిన పప్పన్నం, గుడ్డు, ముళ్ళు తీసిన చేప కూడా పెట్టవచ్చు.

శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా పాత తెలుగిళ్ళలో వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజి నీళ్ళు మట్టికుండలో పులిసి, రాత్రి మిగిలిన అన్నం అందులో నాని, పొద్దున్నే మూత తీస్తే పుల్లటి వాసన. అందులో ఉప్పు రాయి, దబ్బాకు, నలిపిన పచ్చిమిరపకాయ, పక్కన ఉల్లిపాయ. పక్కింటి ఒడియా వాళ్ళు అదే పద్ధతిలో పఖాళ తింటారు, పైన బడి, అంటే వడియాలు, నలిపి వేసుకుని. ఆ పులుపు లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవుల పని. పులిసిన తిండ్లలో తరచుగా కనిపించే జాతుల్లో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ కూడా ఒకటి. అలాగని తరవాణి తాగితే సెప్సిస్ రాదని నేను చెప్పను. తరవాణి మందు కాదు, తిండి. కాచిన నీళ్ళతో, కడిగిన కుండలో, మూతపెట్టి చేస్తే తల్లికి మంచి తిండి. ఏడాది దాటిన బిడ్డకు ఉప్పు, కారం లేకుండా రెండు చెంచాలు చాలు. పసిబిడ్డకు అసలు వద్దు.

మందుల షాపు

జలుబు, దగ్గు, తొలిరోజు జ్వరం చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయాటిక్‌కు పని లేదు. అది చంపేది పేగుల్లో కుదురుకుంటున్న మంచివాటిని. మూడేళ్ళ లోపు పదే పదే వాడిన పిల్లల్లో ఆస్తమా, అలర్జీలు ఎక్కువగా కనిపిస్తున్నాయని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఇంకా పెద్ద ముప్పు వేరే ఉంది. నవజాత శిశువుల సెప్సిస్ మీద మూడు ఢిల్లీ ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. ముఖ్యమైన కొన్ని రకాల క్రిముల్లో సగానికి పైగా అనేక మందులకు లొంగడం మానేశాయి. మనం నేడు దగ్గుకు వృథా చేసిన మందు రేపు సెప్సిస్ పట్టిన బిడ్డకు పనిచెయ్యదు. యాంటీబయాటిక్స్‌లో టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో సుబ్బారావు పరిశోధన విభాగం నుంచే వచ్చింది, బెంజమిన్ డగ్గర్ కనిపెట్టాడు. అది లక్షల ప్రాణాలు నిలిపింది. అలాంటి మందును కాపాడుకోవాలంటే అవసరమైనప్పుడే వాడాలి.

కాబట్టి నియమం ఇది. యాంటీబయాటిక్ డాక్టరు రాస్తేనే, రాసినన్ని రోజులు. షాపతను సలహా మీద వద్దు, పోయినసారి మిగిలిన సీసా వద్దు. డాక్టరు రాస్తే మాత్రం మానవద్దు. నిమోనియా బిడ్డకు యాంటీబయాటిక్ ఆపడం మంచి సూక్ష్మజీవుల మీద ప్రేమ కాదు. మామూలు నీళ్ళ విరేచనాలకు ఓఆర్ఎస్, తల్లిపాలు, 14 రోజులు జింక్ మాత్ర. ఆరు నెలల లోపు వాళ్ళకు సగం మాత్ర, పైబడిన వాళ్ళకు నిండు మాత్ర. విరేచనాలు రెండు రోజుల్లో ఆగినా జింక్ 14 రోజులూ వెయ్యాలి. మలంలో రక్తం కనిపిస్తే డాక్టరు దగ్గరికి.

మట్టి, మురికి

"మట్టిలో ఆడితేనే గట్టిపడతారు" అని ఒకరు, "నేల తాకనివ్వకండి" అని ఇంకొకరు. డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1989లో, తోబుట్టువులు ఎక్కువున్న ఇళ్ళ పిల్లలకు అలర్జీ జలుబు తక్కువని గమనించాడు. అప్పటి నుంచి ఈ చర్చ నడుస్తోంది. పొలం మట్టి, చెట్లు, పశువులు, ఇంటినిండా మనుషులు, ఇవి పిల్లల రక్షణ కణాలకు మంచి చదువు. మనిషి మలం కలిసిన నేల, మురుగు కాలువ నీళ్ళు చదువు చెప్పవు. పేగు గోడను వాయగొట్టి, తిన్నది ఒంటబట్టనివ్వక పిల్లను పొట్టిగా చేస్తాయి. మట్టిలో ఆడుకోనివ్వండి, తినే ముందు, మరుగుదొడ్డి తర్వాత సబ్బుతో చేతులు కడగండి. వాకిట్లో మేకలుంటే గోమార్లు ఏరించండి. 1950లలో మన భంజనగర్ మేకల మీది గోమార్లలో దొరికిన వైరస్‌కే గంజాం వైరస్ అని పేరు పెట్టారు.

టీకాలు

బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారిని దేశిబెహెరా వీధిలోని పుట్టింటికి తీసుకొచ్చే ఆ రోజుల్లో, తలమీద ఘటాలతో నడిచే ఆడవాళ్ళను చూస్తే మన తాతల భయం ఇప్పటికీ అర్థమవుతుంది. మశూచి ఊళ్ళను ఊడ్చేసిన కాలం అది. మశూచి పోయింది, టీకా వల్ల పోయింది. తట్టు ఇంకా ఉంది. తట్టు వచ్చి తగ్గాక కూడా దాని దెబ్బ తగ్గదు. 2019లో వచ్చిన పరిశోధనలో, నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షిస్తే, ఇతర జబ్బుల మీద ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం తుడిచిపెట్టుకుపోయాయి. అన్నాళ్ళు నేర్చుకున్న చదువంతా పోయినట్టు. మొక్కు మొక్కండి, ఘటం ఎత్తండి, తట్టు రాకుండా వేసే ఎం.ఆర్. టీకా తొమ్మిదో నెల నిండాక ఒకటి, పదహారో నెల తర్వాత రెండోది తప్పకుండా వేయించండి.

రోటావైరస్ చుక్కల కథ నాకు ఎంతో ఇష్టం. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, వైరస్ సోకినా జబ్బు పడని పసిబిడ్డల నుంచి 116ఇ అనే రకాన్ని సేకరించారు. డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ ముందుండి నడిపిన సుదీర్ఘ కృషి తర్వాత, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దాన్ని రోటావాక్ టీకాగా తయారుచేసింది. 2016 మార్చిలో ప్రభుత్వం రోటావైరస్ టీకాను మొదట నాలుగు రాష్ట్రాల్లో ఇచ్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ ఉన్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో వేసే ఆ చుక్కలు పసిబిడ్డలు పసిబిడ్డలకు ఇచ్చినవి.

టీకాల వరుస ఎక్కువగా తెగిపోయేది ప్రయాణాల్లో. పురిటికి పుట్టింటికి వెళ్ళి, మూడో నెలలో అత్తింటికి వచ్చి, ఆరో నెలలో సూరత్ రైలెక్కిన బిడ్డకు ఏది పడిందో ఏది పడలేదో ఎవరికీ గుర్తుండదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు పెట్టెలో అడుగున ఉండిపోతుంది. ఇంట్లో రెండేళ్ళ లోపు బిడ్డ ఉంటే ఇవాళే ఆ కార్డు వెతికి తీయండి. రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీసి తండ్రికీ అమ్మమ్మకీ పంపండి. ఖాళీగా ఉన్న గడి కనిపిస్తే వచ్చే మమతా దివస్, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య దినం, నాడు అంగన్‌వాడీకి తీసుకెళ్ళి దీదీకి చూపించండి. ఆలస్యమైన టీకాల్లో చాలావాటిని అప్పుడైనా వేస్తారు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. సూరత్‌లో అయినా ఆ కార్డు చెల్లుతుంది.